రైతు ఫోన్‌కు వెళ్లే నోటిఫికేషన్ ఏ భాషలో ఉండాలి? ఏ తెలుగులో ఉండాలి?

ప్రశ్న: బ్రాడీపేట, గుంటూరు నుంచి

అందరికీ నమస్కారం. విషయం కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవమని మనవి.

నేను గుంటూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తున్నాను. మొత్తం ఐదుగురం. మిర్చి రైతులకూ కమీషన్ కొట్లకూ మధ్య కబురు నడిపే యాప్ ఒకటి చేశాం. రైతు కాయలు ఏసీలో పెట్టుకుంటాడు (మా వైపు కోల్డ్ స్టోరేజ్‌ని ఏసీ అనే అంటారు). కొట్టువాళ్లు మచ్చు తీసి కొనేవాళ్లకు చూపిస్తారు. రేటు వస్తే యాప్ నుంచి రైతు ఫోన్‌కు నోటిఫికేషన్ వెళ్తుంది. ఆయన ఊళ్లో ఉండే సరేననో ఆగమనో చెప్పొచ్చు. ఒక్క మాట కోసం బస్సెక్కి యార్డు దాకా రావక్కర్లేదు.

పోయిన ఆగస్టులో మా పెదనాన్నకు జరిగింది చెప్తాను. ఆయనది ప్రత్తిపాడు దగ్గర పల్లె. ఏసీలో 60 టిక్కీల (మిర్చి బస్తాలను టిక్కీలంటారు) తేజ రకం కాయలున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం ఆ సరుక్కి రేటు వచ్చింది. మా యాప్ నోటిఫికేషన్ పంపింది. లాట్ నంబర్, బిడ్, అప్రూవల్ రిక్వైర్డ్, 17:00 లోపు అని మొత్తం ఇంగ్లిష్‌లో. పెదనాన్న దాన్ని చూశారు. రోజూ వచ్చే లోన్ల ప్రకటన అనుకుని వేలితో పక్కకు తోసేశారు. ఐదు దాటింది. కొనేవాళ్లు వేరే సరుకు చూసుకున్నారు. వారం తర్వాత అవే కాయలు క్వింటాకు 400 తక్కువకు అమ్మాల్సి వచ్చింది. 25 క్వింటాళ్ల మీద పదివేలు పోయాయి. ఆ ఇంట్లో పదివేలంటే మనవరాలి హాస్టల్ ఫీజులో ఒక కంతు.

పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. "చెప్పే ఉంటుందిలే తల్లీ నీ యాపు. నాకు అర్థం కావొద్దూ" అన్నారంతే. నెలలు గడిచినా ఆ మాట నన్ను వదలడం లేదు.

ఆయనకు చదువు రాదని కాదు. పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుతారు. మార్కెట్ ధరల పట్టికను వేలు పెట్టి మరీ చూస్తారు. మరి ఇంగ్లిష్ ఎందుకు వెళ్లింది? మా కోడ్ ఫోన్‌ని అడుగుతుంది, నీ భాష ఏంటని. ఫోన్ ఇంగ్లిష్ అని చెప్తుంది. ఆ ఫోన్ ఇంగ్లిష్‌లో ఎందుకుందంటే, కొన్న రోజు షాపులో కుర్రాడు అలా పెట్టి ఇచ్చాడు. తర్వాత దాన్ని మార్చే పని ఎవరికీ పడలేదు. పచ్చ గుర్తు నొక్కితే మాట్లాడొచ్చు, ఎర్ర గుర్తు నొక్కితే పెట్టేయొచ్చు, ఆయనకు అది చాలు. టెస్టింగ్‌లో మా కోడ్ పాసైంది. ఆఫీసులో మా ఐదుగురి ఫోన్లూ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి, కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాలేదు.

ఆ రాత్రే కూర్చుని వాక్యాలన్నిటినీ అనువాదం టూల్‌లో వేసి తెలుగు చేశాను. "మీ సమూహం కొరకు ఒక వేలం ప్రతిపాదన స్వీకరించబడినది. ఆమోదము అవసరము." తెల్లారి మా నాన్నకు చూపించాను. ఆయన యార్డులో ఓ కమీషన్ కొట్లో ముప్పై ఏళ్లు గుమస్తాగా చేశారు. రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "ఏ సమూహం? డ్వాక్రా గ్రూపా?" అని అడిగారు. లాట్ అంటే అమ్మకానికి పెట్టిన సరుకు మొత్తం, ఆ మాట సమూహం అయిపోయింది. ఇది పంపినా పెదనాన్న మళ్లీ పక్కకు తోసేసేవారే.

ఇప్పుడు నాకు తెలియాల్సింది ఏంటంటే, ఫోన్ భాషను పట్టించుకోవాలా, అసలు వదిలేసి మనిషినే అడగాలా? అడిగితే ఎప్పుడు, ఎక్కడ? తెలుగు అని ఎంచుకున్నాక ఏ తెలుగు రాయాలి? బిడ్, లాట్, అప్రూవల్ లాంటి మాటలను ఏం చేయాలి? ఇంకా మా దగ్గర సగం మందికి నోటిఫికేషన్‌తో పాటు ఎస్సెమ్మెస్ కూడా వెళ్తుంది. తెలుగులో పంపితే ఖర్చు పెరుగుతుందని, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి పంపమని మా సార్ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఈ పని చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

జవాబు: పటమట, విజయవాడ నుంచి

మేడమ్, మీ పెదనాన్నగారి సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను ఆండ్రాయిడ్ యాప్‌లు రాస్తాను. తెలుగు మాటల సంగతి తెలిసినవాళ్లు చెప్తారు, కోడ్ వరకు నేను చెప్తాను.

వాక్యం ఎక్కడ తయారవుతోందో ముందు చూసుకోండి. సర్వర్‌లో తయారవుతుంటే భాష ఎంచే బాధ్యత సర్వర్‌ది. ఆ మనిషికి ఏ భాష కావాలో డేటాబేస్‌లో రాసి ఉండాలి, లేకపోతే సర్వర్‌కు తెలిసే దారే లేదు. రెండో పద్ధతిలో సర్వర్ వాక్యాన్ని పంపదు, వాక్యం పేరు పంపుతుంది. ఆ పేరుతో పాటు టిక్కీలెన్ని, రేటెంత, ఎన్నింటిలోపు అనే అంకెలు పంపుతుంది. ఫోన్‌లో ఉన్న యాప్ తన తెలుగు ఫైల్‌లోంచి ఆ వాక్యం తీసి, ఖాళీలు నింపి చూపిస్తుంది. ఫైర్‌బేస్‌లోనూ ఆపిల్ పుష్‌లోనూ (నోటిఫికేషన్లు చేరవేసే గూగుల్, ఆపిల్ సేవలివి) ఈ ఏర్పాటు ఉంది. వాక్యాలన్నీ ఒకేచోట ఉంటాయి కాబట్టి చాలామంది ఇదే వాడతారు. కానీ యాప్ అప్‌డేట్ చేయని ఫోన్‌లో కొత్త వాక్యం ఉండదు కదా. పల్లెల్లో అప్‌డేట్ చేసేదెవరు? అందుకే డబ్బుతో ముడిపడిన కబుర్లకు సర్వర్‌లోనే వాక్యం తయారు చేయడం మేలని నా అభిప్రాయం.

ఆండ్రాయిడ్ 13 నుంచి, అంటే 2022 నుంచి, ఫోన్ ఏ భాషలో ఉన్నా ఒక్కో యాప్‌కు విడిగా భాష పెట్టుకోవచ్చు. అంతకంటే పాత ఫోన్లలోనూ యాప్‌కాంపాట్ అనే రెడీమేడ్ కోడ్‌తో తెరల వరకు అదే పని చేయించవచ్చు. చాలామంది జారిపోయేది నోటిఫికేషన్ దగ్గర. యాప్ మూసి ఉన్నప్పుడు నోటిఫికేషన్ కట్టేది వెనక నడిచే సర్వీసు. పాత ఫోన్లలో దానికి మీరు యాప్‌లో పెట్టిన భాష తెలియదు, ఫోన్ భాషే తెలుసు. యాప్ అంతా తెలుగులో ఉండి నోటిఫికేషన్ ఒక్కటే ఇంగ్లిష్‌లో వస్తోందంటే నేను ముందు వెతికేది అక్కడే. ఆ సర్వీసులో వాక్యం తీసే ముందు, రైతు ఎంచుకున్న భాష ఏదో మీరే దానికి అందించాలి.

ఛానెళ్ల పేర్లు కూడా చూసుకోండి. ఆండ్రాయిడ్ 8 నుంచి నోటిఫికేషన్లకు ఛానెళ్లు, అంటే రకాలవారీ విభాగాలు, వచ్చాయి, వాటి పేర్లు ఫోన్ సెట్టింగుల్లో కనిపిస్తాయి. భాష మారినప్పుడు అదే ఐడీతో ఛానెల్‌ను మళ్లీ తయారు చేసి తెలుగు పేరు ఇవ్వాలి, లేకపోతే పాత పేరే ఉండిపోతుంది. ఎవరో ఇంటికొచ్చిన కుర్రాడు "ఏంటి తాతా ఇన్ని మోగుతున్నాయి" అని ఆపబోయాడనుకోండి. అక్కడ "రేటు కబుర్లు" అని ఉంటే తాతని అడుగుతాడు. "జనరల్ 2" అని ఉంటే అడక్కుండా ఆపేస్తాడు.

మనిషిని అడగడం గురించి: యాప్ తెరవగానే, ఓటీపీ కంటే ముందే అడగండి. రెండు పెద్ద బటన్లు చాలు. తెలుగు అన్న మాట తెలుగు లిపిలో, ఇంగ్లిష్ అన్న మాట ఇంగ్లిష్ లిపిలో ఉండాలి. ఫోన్ భాషను బట్టి ఏదో ఒకటి ముందే టిక్ పెట్టి ఉంచకండి. టిక్ ఉంటే చూడకుండా ముందుకు నొక్కేస్తారు.

జవాబు: మిర్చి యార్డు, గుంటూరు నుంచి

మాది కమీషన్ కొట్టు. తెలుగు పెట్టండమ్మా, కాదనను. కానీ అందరికీ తెలుగే అని బిగించేయకండి. కొనేవాళ్లలో బయటి రాష్ట్రాలవాళ్లు ఉంటారు. వాళ్ల ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకు హిందీయో ఇంగ్లిషో కావాలి. ఒకే లాటు గురించి ఒకే నిమిషంలో మూడు ఫోన్లకు కబురు వెళ్తే, ఏ ఫోన్‌కు ఆ భాషలో వెళ్లాలి.

మా రైతు ఒకాయనకు ఇంకో రకంగా జరిగింది. వేరే ఏదో యాప్‌లో తండ్రీ కొడుకూ ఒకే ఖాతా వాడుకుంటున్నారు. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం, సౌకర్యం కోసం తన ఫోన్‌లో ఇంగ్లిష్ పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి తండ్రి ఫోన్‌కూ ఇంగ్లిషే రావడం మొదలైంది. ఎందుకు మారిందో ఇద్దరికీ తెలియదు. చివరికి ఆయన నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా కొట్టుకు ఫోన్ చేసి "ఏం వచ్చింది" అని అడిగేవాడు. కాబట్టి భాషను ఖాతాకు కట్టకండి, ఫోన్‌కు కట్టండి.

బిడ్, లాట్ సంగతి. లాటు అనే మాట ప్రతి రైతుకూ తెలుసు. అది ఇప్పుడు మా మాటే, మార్చొద్దు. బిడ్ అంటే సగం మందికి తెలుస్తుంది, "రేటు" అంటే అందరికీ తెలుస్తుంది. అప్రూవల్ అని మేం ఎవరం అనం. టిక్కీని బస్తా అని రాసినా అర్థమవుతుంది కానీ, మాకు ఆ రాసినవాళ్లు యార్డు మొహం చూడలేదని కూడా అర్థమవుతుంది. తాలు కాయలకు తాలు అనే రాయండి, నాసిరకం అని రాస్తే రైతుకు కోపం వస్తుంది.

ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాత్రం వద్దు. అది కాలేజీ పిల్లలు వాట్సాప్‌లో రాసుకునేది. పేపరు చదివే రైతు దాన్ని చదవలేడు. ఒక్కో అక్షరం కూడబలుక్కునేలోపు మీ ఐదు గంటలు దాటిపోతాయి. అసలు చదవడం రానివాళ్లు మా దగ్గరే చాలామంది ఉన్నారు, వాళ్లకు తెలుగులో మాట్లాడే ఫోన్ కాల్ పెట్టండి. టీకొట్టు దగ్గర డబ్బు పడగానే స్పీకరు డబ్బా తెలుగులో చెప్తుంటే చదువు రాని మనిషి కూడా లెక్క చూసుకుంటున్నాడు కదా.

జవాబు: సింగ్ నగర్, విజయవాడ నుంచి

నాకు మిర్చి తెలియదు, సాఫ్ట్‌వేరూ తెలియదు. కానీ మీ ప్రశ్న చదివితే 2024 సెప్టెంబరు గుర్తొచ్చింది.

సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు ఇంట్లో నేనూ అమ్మా ఉన్నాం. ఆ రెండు రోజులూ ఛార్జింగ్ ఉన్నంతసేపు ఫోన్ మోగుతూనే ఉంది. అందరూ పంపేవి ప్రకాశం బ్యారేజీ అంకెలే. ఇన్ని లక్షల క్యూసెక్కులు వదిలారు, ఇన్ని గేట్లు ఎత్తారు అని. మర్నాడు 11.43 లక్షలకు చేరింది, బ్యారేజీ కట్టాక అంత ఎప్పుడూ వదల్లేదట. అన్నీ మంచి తెలుగులోనే ఉన్నాయి. ప్రతి మెసేజీ అమ్మకు చదివి వినిపించాను. అన్నీ విని అమ్మ అడిగింది ఒకటే: "అయితే మనింట్లోకి ఇంకా వస్తాయా, తగ్గుతాయా?" ఆ మెసేజీల్లో దానికి జవాబు లేదు. అవి కృష్ణ గురించి. మా ఇంట్లోకి వచ్చింది బుడమేరు.

మాకు పనికొచ్చిన కబురు ఎదురింటి ఆయన డాబా మీద నుంచి అరిచి చెప్పింది: "పైకి వచ్చేయండి. మందులు, బియ్యం, తాగే నీళ్లు తెచ్చుకోండి. గ్యాస్ కట్టేయండి." నాలుగు ముక్కలు. ఏ ముక్క విన్నా ఏం చేయాలో తెలుస్తుంది.

తర్వాత దీని గురించి కొంత చదివాను. విపత్తు హెచ్చరికలకు కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అని ఒక పద్ధతి ఉంది. అందులో ఒకే హెచ్చరికలో భాషకొక భాగం పెట్టొచ్చు. ఏం జరుగుతోంది అనేదానికి ఒక చోటు, జనం ఏం చేయాలి అనేదానికి వేరే చోటు ఉంటాయి. మీ నోటిఫికేషన్‌కు కూడా ఆ రెండూ కావాలి. మీ పెదనాన్నగారికి లాటు నంబరు ఎందుకండీ? ఆయన సరుక్కి ఎంత వచ్చింది, ఎప్పటిలోగా చెప్పాలి, ఇవి ముందుండాలి. నంబరు లోపల ఎక్కడో ఉంటే చాలు. తెలుగులో రాయడం ఎంత ముఖ్యమో, తెలుగులో ఏం రాస్తున్నామన్నదీ అంతే ముఖ్యమని మా వీధిలో అందరికీ తెలిసొచ్చింది.

బ్రాడీపేట, గుంటూరు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. సింగ్ నగర్ నుంచి రాసినవారు చెప్పింది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ సాయంత్రం నాన్నను ఒకటే అడిగాను: కొట్లో ఉన్నప్పుడు రేటు వస్తే రైతుకు ఫోన్ చేసి మీరేమనేవారు?

నాన్న ఆలోచించలేదు. చేయి చెవి దగ్గర పెట్టుకుని, నిజంగా ఫోన్లో ఉన్నట్టే అన్నారు: "మీ అరవై టిక్కీలకు పద్నాలుగు వేల రెండొందలు పలికిందండీ. ఇచ్చేయమంటారా, ఆగమంటారా? ఐదింటిలోపు చెప్పాలి." ముప్పై ఏళ్లు రోజుకు పదిసార్లు చెప్పిన మాట అది. మేం యాప్‌లో పెట్టిన ఇంగ్లిష్ వాక్యం చేసే పని ఇదే. ఇంతకాలం అది నా ఇంట్లోనే ఉంది, నేను అనువాదం టూల్‌లో వెతికాను.

ఇప్పుడు వాక్యం ఇలా రాశాను:

"మీ 60 టిక్కీలకు క్వింటా 14,200 రేటు వచ్చింది. 5 గంటలకల్లా చెప్పండి."

దీని కొలత చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఇంగ్లిష్ అక్షరాల్లో ఎస్సెమ్మెస్‌కు 160 వస్తాయి, తెలుగుకు 70. పైగా తెలుగులో ఒత్తు, గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. "స్త్రీ" అని రాస్తే చూడ్డానికి ఒక్క అక్షరం, లెక్కలో ఆరు. 70 దాటితే మెసేజ్ రెండు ముక్కలవుతుంది, అప్పుడు ముక్కకు 67 చొప్పునే. మా సార్ ఖర్చు అన్నది అందుకే. పై వాక్యాన్ని ఖాళీలు, చుక్కలతో సహా ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. సరిగ్గా 67. ఒక్క మెసేజ్‌లో పడుతుంది. నాన్న మాట పొదుపైన మాట, ఫోన్ బిల్లు పెరిగితే షావుకారు ఊరుకోని రోజుల్లో నేర్చుకున్నది. సార్‌కు చూపించాను. ఇంగ్లిష్ అక్షరాల సంగతి ఇంకెత్తలేదు.

ఎస్సెమ్మెస్‌లో ఇంకో చిక్కుంది, ఈ పని చేసేవాళ్లు గుర్తుంచుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం, కంపెనీలు పంపే ప్రతి వాక్యాన్నీ ముందే టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థ అయిన డీఎల్‌టీలో నమోదు చేయాలి. అంకెలు మారే చోట్లు తప్ప మిగతాది నమోదు చేసినట్టే ఉండాలి, తేడా వస్తే మెసేజ్ మధ్యలోనే ఆగిపోతుంది. కాబట్టి వాక్యాన్ని నలుగురికి చూపించి తేల్చుకున్నాకే నమోదుకు పంపుతున్నాను.

ఇక బటన్లు. మొదట "ఆమోదించు", "తిరస్కరించు" అని పెట్టాను. పెదనాన్న చూసి "తిరస్కరించు అంటే వాళ్లకు కోపం రాదా?" అన్నారు. ఆలోచిస్తే నిజమే. నోటిఫికేషన్‌లో మాట్లాడేది మేము. బటన్ నొక్కేటప్పుడు మాట్లాడేది రైతు. ఆయన నోట్లో మనం పెట్టే మాట ఆయన మర్యాదకు తగ్గట్టుండాలి. ఇప్పుడు ఒక బటన్ మీద "సరే, ఇచ్చేయండి" అని ఉంది, రెండోదాని మీద "ఆగుదాం". "ఆగుదాం" చూసి పెదనాన్న తల ఊపారు.

జవాబు: తెనాలి, గుంటూరు జిల్లా నుంచి

పత్రికలో చాలా ఏళ్లు డెస్క్ మీద పనిచేశాను. "ఆగుదాం" చూసి నాకూ ముచ్చటేసింది. రెండు మూడు జాగ్రత్తలు చెప్పాలనిపించింది.

ఖాళీల్లో పేర్లు, ఊళ్లు నింపేటప్పుడు తెలుగు మిమ్మల్ని బాగా ఇబ్బంది పెడుతుంది. ఇంగ్లిష్‌లో పేరు మారదు, దాని ముందు ఒక మాట పెడితే సరిపోతుంది. మనకు విభక్తి పేరు వెనక అతుక్కుంటుంది, అతుక్కుంటూ పేరునే మార్చేస్తుంది. సత్తెనపల్లికి, చిలకలూరిపేటకు, ఫిరంగిపురానికి. మీ కోడ్ గుడ్డిగా "కి" అంటిస్తే "ఫిరంగిపురంకి" అని వస్తుంది. చదివేవాడికి పంటి కింద రాయి. రమేష్ పక్కన "కి" పెడితే షకు క ఒత్తు పడి "రమేష్కి" అయిపోతుంది, మధ్యలో కనపడని విడదీత గుర్తు పెడితేనే "రమేష్‌కి" అని సరిగ్గా నిలుస్తుంది. పేర్లకు మందు మన దగ్గరే ఉంది: "గారు". ఏ పేరైనా సరే పక్కన "గారికి", "గారి" అని పెట్టేయండి, పేరు చెక్కుచెదరదు, మర్యాదా ఉంటుంది. ఊళ్లకు ఆ వీలు లేదు కాబట్టి వాక్యంలో కలపకండి. "ఊరు: ఫిరంగిపురం" అని విడిగా ఒక వరసలో పెట్టండి.

ఏకవచనం, బహువచనం కూడా చూడండి. "1 టిక్కీలు" అని ఎక్కడా రాకూడదు. తెలుగుకు రెండు రూపాలు చాలు, ఒకటికి ఒకటి, మిగతా అన్నిటికీ ఒకటి. సున్నా వచ్చినప్పుడు "0 టిక్కీలు" అనకండి. "ఏసీలో మీ సరుకు ఏమీ లేదు" అని వేరే వాక్యం రాసుకోండి.

అంకెలు మామూలు అంకెలే ఉంచండి. తెలుగు అంకెలంటే నాకెంతో ఇష్టం, కానీ డబ్బు దగ్గర వాటితో ప్రయోగం వద్దు. కామా మాత్రం మన లెక్కలో పడాలి. లక్షా పాతిక వేలను 1,25,000 అని రాయాలి. 125,000 అని వస్తే రైతు ఒక క్షణం ఆగి సున్నాలు లెక్కపెడతాడు. "17:00" తీసేసి "సాయంత్రం 5" అన్నారో లేదో చూసుకోండి. ఎస్సెమ్మెస్‌లో చోటు లేక "5 గంటలకల్లా" అన్నారు, మధ్యాహ్నం పంపేది కాబట్టి ఫర్వాలేదు. నోటిఫికేషన్‌లో చోటుంది కదా, అక్కడ "సాయంత్రం" ఉండాలి.

"బడినది" అనే తోక ఎక్కడ కనిపించినా కత్తిరించండి. స్వీకరించబడినది, జమ చేయబడినది, పంపబడినది. చేసినవాడెవరో చెప్పకుండా దాటేసే వాక్యాలివి. డబ్బు గురించి చెప్పేటప్పుడు జనం అనే మాటలు రెండే: అకౌంట్లో డబ్బులు పడ్డాయి, అకౌంట్లోంచి డబ్బులు కట్ అయ్యాయి. "చెల్లింపు జరిగింది" అంటే ఎవరు ఎవరికి ఇచ్చినట్టు? "లావాదేవీ విఫలమైనది" అని చూసి గుండె గుభేలుమన్న ముసలివాళ్లను చూశాను. "డబ్బులు వెళ్లలేదు. మీ అకౌంట్లోనే ఉన్నాయి" అంటే ఆ టెన్షన్ ఉండదు.

చివరగా, పేర్లు మీ దగ్గర ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండి ఉంటాయి. వాటిని యంత్రంతో తెలుగులోకి మార్చకండి. ణ, న తేడా పోతుంది, ళ, ల తేడా పోతుంది, దీర్ఘాలు పోతాయి. వేణు కాస్తా వేను అవుతాడు. పేరు తప్పు రాస్తే మిగతా వాక్యం ఎంత బాగున్నా మనిషికి మనసు ఒప్పదు.

బ్రాడీపేట, గుంటూరు (ప్రశ్న అడిగినవారు)

తెనాలి నుంచి రాసినవారికి నమస్కారాలు. మీరు చెప్పాక మా వాక్యాల ఫైల్ తెరిచి "బడి" అని వెతికాను. ముప్పై నాలుగు చోట్ల ఉంది. అన్నీ తీసేశాను. రైతుల పేర్లు మీరన్నట్టే ఇంగ్లిష్‌లో ఉన్నాయి. ఇకమీద ఎవరు యాప్ తెరిచినా "మీ పేరు తెలుగులో ఇలాగే రాయాలా?" అని అడిగి, వాళ్లు సరిచేసింది దాచుకుంటాం.

భాషను ఫోన్‌కు కట్టాం, ఖాతాకు కాదు. పాతవాళ్లందరికీ యాప్ మళ్లీ తెరవగానే రెండు బటన్ల తెర వస్తుంది. అప్పటిదాకా ఏమీ ఎంచుకోనివాళ్లకు ఏం పంపాలన్న దానిమీద ఆఫీసులో పెద్ద వాదనే జరిగింది. ఫోన్ ఇంగ్లిష్‌లో ఉన్నా తెలుగే పంపాలన్నాను, పైన తెలుగు వాక్యం, కింద చిన్నగా ఇంగ్లిష్. తెలుగు అక్కర్లేనివాళ్లకు కింది వరస ఉంటుంది. పెదనాన్న లాంటివాళ్లకు పై వరస ఉంటుంది. చివరికి అందరూ ఒప్పుకున్నారు.

చదవడం రానివాళ్లకు ఫోన్ కాల్ పెడుతున్నాం. గొంతు ఎవరిదో చెప్పమంటారా? నాన్నదే. నిన్న మా ముందుగదిలో ఫ్యాన్ ఆపేసి, తలుపులేసి రికార్డు చేశాం. అంకెలన్నీ ఆయన చేత విడివిడిగా చెప్పించాలి కదా, "రెండొందలు", "మూడొందలు" అని వరసగా చెప్తూ ఉంటే అమ్మ వంటింట్లోంచి "మళ్లీ కొట్టుకు వెళ్తున్నారా ఏంటి" అంది. నాన్న చొక్కా ఇస్త్రీ చేసింది వేసుకుని కూర్చున్నారు.

ఒక్క వాక్యం ఇంకా కుదరలేదు. ఏసీ అద్దె గడువు దాటినవాళ్లకు వెళ్లే కబురు. నేను "మీ అద్దె బాకీ ఉంది" అని రాశాను. బాకీ అనే మాట పదిమందిలో ఫోన్ మీద కనిపిస్తే రైతు చిన్నబోతాడని నాన్న అన్నారు. ప్రస్తుతానికి "ఏసీ అద్దె కట్టాల్సి ఉంది, వీలు చూసుకోండి" అని పెట్టాను. "వీలు చూసుకోండి" అంటే అసలు కట్టరని మా సార్ అంటున్నారు. శని, ఆదివారాలు యార్డుకు సెలవు కాబట్టి సోమవారం పొద్దున్నే నాన్నతో వెళ్లి, ఈ వాక్యం కాగితం మీద రాసుకుని రైతులకే చూపించబోతున్నాను. మీలో ఎవరికైనా ఇంతకంటే మంచి మాట తడితే ఆదివారం రాత్రిలోపు రాయండి.